ఎత్తుకో

ఆ వ్యాను ఒకప్పుడు బడిపిల్లలను తిప్పింది. సురేందర్ దాన్ని అగ్గువకు కొని, వెనక సీట్లన్నీ పీకించి, పరుపు వేసి, చిన్న గ్యాస్ పొయ్యి బిగించి, తెల్లరంగు వేయించాడు. తలుపుల అంచుల దగ్గర మాత్రం పాత పసుపు ఇంకా కనిపించేది. నిజామాబాద్‌లో అతనికి ఇన్వర్టర్ల దుకాణం ఉంది కాబట్టి బండిలో లైట్లకూ ఫ్యానుకూ కొదవ లేదు. ఎక్కడ మంచిగనిపిస్తే అక్కడ వండుకు తిని పడుకుందామని ఏడాదిగా అంటూనే ఉన్నాడు. చివరికి ఆ చలికాలంలో దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, భార్య వినీతనూ రెండేళ్లు నిండిన కూతురు లాస్యనూ ఎక్కించుకుని బయల్దేరాడు.

బోధన్ దాటాక దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు. లాస్య ఒక్కోదానికీ చెయ్యి ఊపింది. కొట్టేసిన తోటల్లోంచి ఎండుతున్న చెరుకాకు వాసన వచ్చిపోతూ ఉంది. వర్ని, చందూర్ వెనకపడ్డాయి. పొలాలు అయిపోయి రాళ్లగుట్టలు మొదలైన చోట సురేందర్ బండి ఆపాడు. ఒక పక్క మోదుగు అడవి, ఇంకో పక్క ఎండిన వాగు.

"ఈ రాత్రికి ఈడ్నే ఉందాం," అన్నాడు. "ముందుగాల గుట్టెక్కి వద్దాం పా. పైకెళ్లి నిజాంసాగర్ నీళ్లు కనవడ్తయంట."

పిల్లలను వీపున మోసే సంచి ఒకటి తెప్పించాడతను. లాస్యను అందులో కూర్చోబెట్టి, పట్టీలు బిగించుకుని ముందు నడిచాడు. బాట సన్నగా రాళ్ల మధ్య మెలికలు తిరుగుతూ పోయింది. ఆకుపచ్చ గౌనులో లాస్య కాళ్లూపుకుంటూ, కనబడిన ప్రతి రాయినీ "అదేంది" అని అడుగుతూ పోయింది. వినీత వెనక నడుస్తూ ఫొటోలు తీసింది. పైన గాలి బాగుంది. దూరంగా నీళ్లు పళ్లెంలా మెరిశాయి. ముగ్గురూ బిస్కెట్లు తిన్నారు. ఇద్దరూ ఫ్లాస్కులోని చాయ్ తాగారు. ఇంటి పనులూ దుకాణం గోలా లేని అలాంటి మధ్యాహ్నం పెళ్లయ్యాక ఒక్కటైనా దొరికిందా అని వినీత అనుకుంది.

తిరిగి దిగేటప్పటికి పొద్దు గుట్ట వెనక్కి జారింది. సగం దిగాక చూస్తే లాస్య ఒక కాలికి చెప్పు లేదు.

"నువ్వు నడువు, నేను తెస్త," అంది వినీత.

చెప్పు దగ్గర్లోనే గడ్డిలో దొరికింది. ఆమె వంగి తీసి వెనక్కి తిరిగేసరికి సురేందర్ కనబడలేదు. వెలుతురు బూడిదరంగులోకి మారుతోంది. గూళ్లకు చేరుతున్న పిట్టల గోల ఒక్కసారిగా ఆగిపోయింది.

మలుపు దగ్గర, బాట మధ్యలో, లాస్య నిలబడి ఉంది. రెండు చేతులూ పైకి చాచి.

"ఎత్తుకో," అంది.

"పసిపిల్లను ఒక్కదాన్ని ఇడిసి ఏడికి పోయిండే మీ డాడీ," అని విసుక్కుంటూ వినీత ఎత్తుకుంది. ఏ చెట్టు చాటుకో పోయుంటాడు అనుకుంది. పిల్ల ఆమె ఎడమ భుజం మీద మొహం ఆనించి, మెడ చుట్టూ చేతులు వేసింది. కాళ్లు రెండూ మంచులా ఉన్నాయి. చెప్పు తొడగబోతే పాదాలు ముడుచుకుంది. వినీత వాటిని పిడికిట్లో పట్టుకుని వెచ్చచేస్తూ నడిచింది.

"సలి పెడ్తుందా బిడ్డా?"

భుజం మీద తల కదిలింది. అవునన్నట్టు.

పిల్ల వెంట్రుకల్లోంచి తడిమట్టి వాసన వస్తోంది. వాన పడి నెలలయింది. వినీత దాన్ని పట్టించుకోలేదు. పిల్ల బరువు మాత్రం పట్టించుకోక తప్పలేదు. నాలుగడుగులకొకసారి ఆగి పైకి ఎగదోసుకోవాల్సి వస్తోంది. లాస్య ఇంత బరువు ఎప్పుడయింది?

కింద సెల్‌ఫోన్ లైటు వెలిగింది. సురేందర్ ఒక బండ పక్కన నిలబడి ఎదురుచూస్తున్నాడు.

"దొరికిందా చెప్పు?" అని పక్కకు తిరిగాడు.

వీపున సంచి. సంచిలో లాస్య. ఒక కాలికి చెప్పుంది. ఒక కాలికి లేదు. చేతిలో సగం నమిలిన బిస్కెట్.

"అమ్మా," అంది లాస్య.

వినీత నిలబడిపోయింది. మెడ చుట్టూ ఉన్న చేతులు కాస్త బిగిశాయి... నిద్రలో ఉలిక్కిపడ్డ పిల్ల బిగించినట్టు.

సురేందర్ లైటు ఆమె మీదికి వచ్చింది. ఆకుపచ్చ గౌను మీద ఆగింది. పక్కకు తప్పుకుంది.

"ఎవరి బిడ్డ?" అన్నాడు గుసగుసగా.

"లాస్య అనుకున్న..."

"పాప," అని లాస్య వేలు చూపించింది. "నా గౌను."

"కింద పెట్టు. పెట్టి మెల్లగ రా."

వినీత వంగింది. చేతులు మెడను వదల్లేదు. చెవి పక్కనే, లాస్య గొంతుతోనే, సన్నటి ఏడుపు మొదలైంది. "ఎత్తుకో... ఎత్తుకో..." ఆమె మళ్లీ నిటారుగా నిలబడింది. ఏడుపు ఆగింది.

ఆ క్షణంలో వినీతకు ఒక సంగతి అర్థమైంది. మేలుకొని ఉన్న పిల్లను దించితే ఊరుకోదు. వెంటపడుతుంది. బండి దాకా, ఇంటి దాకా.

"నువ్వు బిడ్డను తీస్కపోయి బండిల కూసో. తలుపులేస్కో."

"నిన్ను ఇడిసి నేను పోను."

"లాస్యను చూడనియ్యకు దీన్ని. పో." ఆమె గొంతు తగ్గించింది. "పండవెట్టి వస్త."

సురేందర్ కదల్లేదు. వీపున లాస్య ఏడుపు మొహం పెట్టేసరికి కదిలాడు. లైటు కిందికి, కిందికి పోయి, చెట్ల మధ్య కనబడకుండా పోయింది.

వినీత పైకి తిరిగింది. బాట సగం కనిపిస్తోంది, సగం ఊహ. కాలితో తడుముకుంటూ, పిల్ల వీపు మీద అరచేత్తో జోకొడుతూ నడిచింది. ఊఁ... ఊఁ... అని గొంతులోనే లాలి తీసింది. లాస్యకు జ్వరం వచ్చిన రాత్రుళ్లు ఇలాగే గది ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేది.

జోకొడుతుంటే అరచేతికి తెలిసింది. ఆ వీపు పైకీ కిందికీ కదలడం లేదు. చెవికి ఊపిరి తగలడం లేదు.

ఊపిరి లేని పిల్ల నిద్రపోయిందని ఎలా తెలుసుకోవాలి?

తిరుగుతూనే ఉంది. తుప్పల్లో ఏదో ఆమెతోపాటు నడిచింది, ఆమె ఆగితే ఆగింది. తిరిగి చూడలేదు. మెడ దగ్గర ఒక వేలు వదులైంది. తర్వాత ఇంకోటి. చేతులు జారి వేలాడాయి. అయినా ఇంకాసేపు తిరిగింది. తొందరపడితే లేస్తారు పిల్లలు.

మలుపు దగ్గర చున్నీ పరిచింది. ఇదే మలుపా... అలాగే అనిపించింది. మోకాళ్ల మీద వంగి, ముందు కాళ్లు ఆనించింది. తర్వాత నడుము. తల కింద అరచెయ్యి అలాగే ఉంచి, ఊపిరి ఉగ్గబట్టుకుని, వేలు వేలుగా చెయ్యి లాక్కుంది. మొహం చూడలేదు. చున్నీ కొస తీసి కప్పింది.

చెప్పులు చేత పట్టుకుని దిగింది. ముళ్లు గుచ్చుకున్నా శబ్దం చెయ్యలేదు. పైనుంచి ఏడుపు వినిపిస్తుందేమో అని అడుగడుగునా చెవులు రిక్కించింది. వినిపించలేదు.

వ్యాను కదిలాక బోధన్ దీపాలు కనబడేదాకా సురేందర్ ఎక్కడా ఆపలేదు. లాస్య తల్లి ఒడిలో నిద్రపోయింది. ఆ చిన్న వీపు పైకీ కిందికీ కదులుతుంటే వినీత దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

బండి అమ్మేశారు. ఆ రాత్రి మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

లాస్య పాలు మానేసి అప్పటికే ఏడాది దాటింది. అయినా ఆ గుట్ట దగ్గర్నుంచి వచ్చిన వారంలోనే, సాయంత్రం దీపాలు వేసే వేళ, వినీత కుర్తా ఎడమ పక్క తడిసింది. మర్నాడు అదే వేళకు మళ్లీ. డాక్టరమ్మ పరీక్షలు చేసి, ఒక్కోసారి ఇట్లయితదని మాత్రలు రాసింది. మాత్రలు అయిపోయాయి. పాలు ఆగలేదు.

నిన్న సాయంత్రం లాస్య వాకిట్లో నాయనమ్మతో ఆడుకుంటోంది. వినీత లోపలి గదిలో గడియ పెట్టుకుని మంచం మీద కూర్చుంది. రోజూలాగే ఎడమ రొమ్ము బరువెక్కింది. నొప్పి మొదలైంది. కుర్తా మార్చుకోవాలని లేవబోయి, లేవలేక అలాగే ఉండిపోయింది. ఎక్కడి నుంచో తడిమట్టి వాసన వచ్చింది. కాసేపటికి నొప్పి తగ్గుతూ వచ్చింది. కొద్దికొద్దిగా బరువూ తగ్గింది. పూర్తిగా తేలికైంది.

చేత్తో తడుముకుని చూసుకుంది. కుర్తా పొడిగా ఉంది.