ఖాళీ బైటు తీసేసిన మధ్యాహ్నం

ముందు గదిలో వర్క్‌షాపు, వెనక కాపురం. కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని డిగ్రీలు ఉన్నాయో ఎప్పటికప్పుడు ఆఫీసు కంప్యూటరుకి కబురు పంపే చిన్న పెట్టెలు తయారుచేస్తారు ఆ మొగుడూ పెళ్ళాలు. వచ్చేపోయేవాళ్ళు ఆమెను చిన్నావిడ అంటారు. జ్వరంతో పోయిన మొదటి భార్య పెద్దావిడ.

కాపురానికొచ్చిన ఏడాదిలో చిన్నావిడ కర్టెన్లు మార్చింది, మంచం మార్చింది, గోడల రంగులు కూడా మార్చేసింది. మార్చలేనిది ఒక్కటే. ఆ పెట్టెలు పంపే కబురు ఏ వరసలో ఉండాలో పెద్దావిడ రాసిపెట్టిన పద్ధతి.

"ఎంత బాగా రాశారండీ ఆ తల్లి! ఒక్కనాడూ తప్పు చూపించలేదు," అని కోల్డ్ స్టోరేజీ మేనేజరు అన్నప్పుడల్లా చిన్నావిడకి ఒళ్ళు మండిపోయేది.

అంత గొప్పేముంది అందులో? పెట్టె నంబరుకి ఒక బైటు, అంటే ఒక అంకె పట్టే గడి, డిగ్రీలకి ఒకటి, దారిలో ఏమీ చెడలేదని సరిచూసుకోడానికి ఒకటి. మధ్యలో ఒకటి ఊరికే ఖాళీగా.

"ఈ ఖాళీది దండగ కదండీ, తీసేస్తాను," అంది ఒకసారి.

"ఉండనీ. ఎప్పటికైనా పనికొస్తుందని తను ఉంచింది," అన్నాడు భర్త.

తను! ఆ మాట అతను పలికిన తీరుకి ఆమె గుండెలో కలుక్కుమంది.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. పట్టపగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది. గదంతా తడిగోడల వాసన. తలనొప్పంటూ భర్త లోపల పడుకున్నాడు. చిన్నావిడ తలుపు దగ్గరకేసి, పెద్దావిడ రాసిందంతా చెరిపేసి, తన సొంత పద్ధతి రాసుకుంది. మూడే బైట్లు. ఖాళీ లేదు.

బల్ల మీదున్న ఒకటో నంబరు పెట్టెతో పంపి చూసింది. బల్ల మీది కంప్యూటరు తెర మీద పడింది. ఒకటి... ఇరవై ఆరు డిగ్రీలు.

"చూశావా అక్కా, నువ్వు లేకపోతే ఏం ఆగిపోలేదు," అని నవ్వుకుంది.

అంతలో ఇంకో కబురు వచ్చింది.

సున్నా... ఇరవై ఆరు.

సున్నా నంబరు పెట్టె లేదు. వాళ్ళు ఒకటి నుంచే నంబర్లు వేస్తారు. పైగా ఈ పద్ధతి ఇప్పుడే పుట్టింది. ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

పెట్టె వైరు పీకేసింది.

సున్నా... ముప్పై.

కంప్యూటరుకున్న నెట్‌వర్క్ కేబులు కూడా లాగేసింది.

సున్నా... ముప్పై నాలుగు.

ఎక్కడో ఏదో మెల్లగా వెచ్చబడుతోంది...

సున్నా... ముప్పై ఏడు.

అక్కడ ఆగింది. బతికున్న మనిషి ఒంటి వేడి దగ్గర.

లోపలి గదిలోంచి గుసగుసగా భర్త గొంతు.

"వచ్చావా... చెయ్యి ఎంత వెచ్చగా ఉందో..."

అంత భయంలోనూ ఆమెకి ఉక్రోషం ముంచుకొచ్చింది. ఈ ఏడాదిలో ఆ గొంతుతో ఒక్కసారైనా తనతో మాట్లాడాడా? విసురుగా తలుపు తోసింది.

గదిలో వేరే ఎవరూ లేరు. అతను నిద్రలో ఉన్నాడు. పెదాల మీద నవ్వు. ఒక చెయ్యి పరుపు మీద చాపి ఉంది. వేళ్ళు దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

ఆమె పక్కన కూర్చుని ఆ వేళ్ళు విడదీసి, తన చెయ్యి అందులో పెట్టింది.

అతను ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. నిద్రలోనే మొహం చిట్లించాడు.

"చల్లగా ఉంది... నువ్వు కాదు."

నేనేనండీ, అనబోయింది.

మంచానికి అవతలి పక్కన, ఎవరూ లేనిచోట, దుప్పటి అంచు మెల్లగా పైకి లేచింది... చిన్నావిడకి ఖాళీ చేసి చోటిస్తున్నట్టు.