సీలు పడ్డ కాఫీ

“మిషన్ పేరు డికాక్షన్,” అన్నాడు చీఫ్ సర్వేశ్వరరావు. “యూరప్ కొత్త రూలు తెలుసుగా? అడవి నరికిన నేలలో పండిన కాఫీని వాళ్లు రానివ్వరు. మన అరకు బస్తాల మీద, ఏ తోటలో పండిందో చెప్పే ట్యాగులు మారుతున్నాయి. వెనక ఓ విదేశీ సిండికేట్ ఉంది.”

“మార్చి ఏం చేస్తారు?”

“నరికేసిన కొండల లొకేషన్ పెడతారు. ఒక్క కంటైనర్ యూరప్‌లో పట్టుబడితే చాలు, లోయ మొత్తం బ్లాక్‌లిస్ట్. మన మార్కెట్ సిండికేట్‌ది.”

ఏజెంట్ ధర్మతేజ కాఫీ వ్యాపారి వేషంలో అరకు గోడౌన్‌కు వెళ్లాడు. అక్కడ సర్టిఫికేషన్ ఆడిటర్ జీవిత మన ఇన్‌ఫార్మర్. ఎర్ర లిప్‌స్టిక్, చల్లని నవ్వు. కోడ్‌వర్డ్ సరిగ్గానే చెప్పింది. దొంగ ట్యాగులు చూపిస్తానంటూ కంటైనర్ ఎక్కించి, వెనకనుంచి తలుపు వేసేసింది.

“సారీ తేజా. వాళ్లు యూరోల్లో ఇస్తారు.”

బయట సీలు బిగుసుకున్న చప్పుడు. లారీ కదిలింది.

చీకటి. పచ్చి గింజల వాసన. కాలు కదపడానికి చోటు లేదు. ఆ సీలు ఇక యూరప్‌లోనే తీస్తారు. అప్పటికి కాఫీతోపాటు శవం కూడా దిగుతుంది. డిపార్ట్‌మెంట్ ఎంతో గొప్పగా ఇచ్చిన ట్రాన్స్‌మిటర్ వాచీకి ఇనప డబ్బాలో సిగ్నల్ అందలేదు. ఆ సంగతి ఒక్క మహానుభావుడూ చెప్పలేదు. ఘాట్ మలుపుల్లో బస్తాలు మీదికి ఒరుగుతుంటే తేజకి నిజంగానే భయం వేసింది.

లారీ ఆగింది. ఠంగ్. ఠంగ్. దిగుడుకు ముందు డ్రైవర్ వరహాలరావు రాడ్డుతో టైర్లు కొట్టి చూసుకుంటున్నాడు. తేజ వాచీతో గోడను బాదాడు.

“ఎవుల్రా లోపల?”

“పోలీస్! సీలు తెంపు!”

“తెంపితే సరుకు ఓడెక్కదు బాబూ! మేడమ్ మరీమరీ సెప్పింది.”

“ఎక్కకూడదు! ఎక్కితే అరకు కాఫీ ఇంకెవరూ కొనరు!”

వెనకాల కారేదో వచ్చి ఆగింది.

“కాఫీ నేకపోతే నా లారీ ఏటి మొయ్యాల?” అంటూ వరహాలరావు రాడ్డు దూర్చాడు.

సీలు తెగింది. తలుపు తెరుచుకోగానే వాచీ బీప్ మంది. ఎదురుగా జీవిత, చేతిలో పిస్టల్.

“కాల్చు,” అన్నాడు తేజ రొప్పుతూ. “సీలు తెగిన కంటైనర్ పోర్టు గేటు దాటదు. ప్రతి బస్తా మళ్లీ చెక్ చెయ్యాలి. నువ్వు డ్రైవర్‌కి చెప్పిన రూలే.”

జీవిత చూపు తెగిన సీలు మీదికి వెళ్లింది. అంతలోనే వరహాలరావు రాడ్డు ఆమె మణికట్టు మీద పడింది. సిగ్నల్ అందుకున్న చెక్‌పోస్ట్ జీపు మలుపు తిరిగేసరికి పిస్టల్ తేజ చేతిలో ఉంది.

జీపులోవాళ్లు తేజకి ఫోన్ అందించారు. “ఎలా ఉన్నావయ్యా?” అన్నాడు చీఫ్.

“ఊపిరాడుతోంది సర్. ఒక్క డౌట్. యూరప్‌లో కార్బన్‌కి పన్నుందటగా. లోపల నేను వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కి కూడా యూరప్ వాళ్లు పన్ను వేస్తారా?”