తాలు రక్కసి మూడు మడులు

మణిధర రాజ్యానికి వరుసగా మూడేళ్లు వింత కష్టం వచ్చిపడింది. వరి ఏపుగా పెరిగేది, జానెడేసి వెన్నులు వేసేది. తీరా కోసి నూరిస్తే ఒక్క గట్టి గింజ రాలేది కాదు, అంతా తాలే. నల్లకోనలోని శుష్కిని అనే రక్కసి పైరులోని సత్తువను పీల్చేస్తున్నదని తెలిసింది. దాన్ని జయించి గట్టి గింజల వెన్ను తెచ్చినవారికి రాజ్యంలోని పొలాలన్నిటి మీదా అధికారం ఇస్తానని రాజు జయసేనుడు చాటించాడు. పదహారుమంది వెళ్లారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

వారిలో చివరివాడు సోమప్ప అనే రైతు. అతని కూతురు బంగారి తల్లి లేని పిల్ల. నెల రోజులు తండ్రి కోసం ఎదురుచూసి, ఒక ఉదయం నడుముకు కొడవలి దోపుకొని నల్లకోన దారి పట్టింది.

ఆ అడవిలో పక్షి కూత లేదు. ఎంత నడిచినా ఎండుగడ్డి గరగరలాడే చప్పుడు మాత్రం వెనకాలే వచ్చేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. కోన మొదట్లో ఒక ముసలి తాపసి ఆమెకు అడ్డం వచ్చింది.

"వెనక్కి పో, బిడ్డా. నీది ఇంకా బతకాల్సిన వయసు."

"మా నాయన లోపలే ఉన్నాడవ్వా. ఎట్టా పోను?"

తాపసి నిట్టూర్చింది. "అయితే విను. శుష్కిని నీకు మూడు మడులు చూపుతుంది. మడికి రెండేసి వరి దుబ్బులు. ఏ దుబ్బు ఎక్కువ గింజలిస్తుందో చెప్పాలి. చెప్పేదాకా వెన్నును తాకకూడదు. మూడూ సరిగా చెబితే దాని పీడ విరగడవుతుంది. తప్పు చెప్పినా, ఆలస్యం చేసినా గడ్డిబొమ్మవైపోతావు."

 బంగారి ముందుకే నడిచింది.

కోన నడుమ పదహారు గడ్డిబొమ్మలు నిలబడి ఉన్నాయి. చివరి బొమ్మ తలకు తండ్రి ఎర్రపాగా చూసి ఆమె కెవ్వుమన్నది. అంతలో బొమ్మల వెనకనుంచి శుష్కిని లేచింది. తాటిచెట్టంత పొడవు, ఎముకల మీద పొట్టు అంటించినట్టున్న ఒళ్లు.

"పదిహేడో బొమ్మవు నువ్వేనా?" అంటూ అది పకపకా నవ్వింది.

మొదటి మడిలో ఒక దుబ్బు నిలువెత్తు పెరిగింది, రెండోది నడుమెత్తే. బంగారి చూపు పొడవైన దానివైపే పోయింది. ఇంతలో చిన్న గాలి వీచింది. పొడవు దుబ్బు కాడలు వణుకుతూ నేలకు వాలసాగాయి. 'పడిపోయిన పైరులో గింజ ఏం నిండుతుంది?' అనుకొని, "పొట్టిది!" అన్నది. రక్కసి నవ్వు ఆగిపోయింది.

రెండో మడిలో ఒక దుబ్బు మొదట్లోంచి నలభై పిలకలు లేచాయి, రెండోదానికి పన్నెండే. బంగారి వంగి, పిలక పిలకా పైదాకా చూసింది. నలభైలో వెన్ను వేసినవి ఐదే. పన్నెండూ వెన్ను వేసినవే. "చిన్న దుబ్బే!" అన్నది. రక్కసి పళ్లు కొరికింది.

బంగారి మూడో మడి దగ్గరికి వచ్చింది. రెండు దుబ్బులూ కవలల్లా ఉన్నాయి. ఎత్తు ఒకటే, పిలకలు అన్నే, వెన్నుల పొడవూ ఒకటే. బరువు చూద్దామంటే రెండిటి వెన్నులూ నీళ్లోడుతూ సమానంగా వంగి ఉన్నాయి. రక్కసి కావాలనే తడిపింది.

"చెప్పవేం?" శుష్కిని దగ్గరికి జరిగింది.

బంగారికి కాళ్లు దురదపెట్టాయి. కిందికి చూస్తే వేళ్లు పసుపుపచ్చని గడ్డి పరకలవుతున్నాయి! గడ్డి మడమలు దాటింది, మోకాళ్లకు పాకింది. ఏడుపు ముంచుకొచ్చింది. కళ్లు తుడుచుకొని మళ్లీ చూసింది. వెన్నుల్లో తేడా లేదు. మరి వెన్నుల కింద చివరగా వచ్చే ఆకులు, ఆ పోటాకులు? ఒక దుబ్బువి ఎండి ముడుచుకుపోయాయి. రెండోదానివి ఇంకా పచ్చగా, నిటారుగా ఉన్నాయి.

"పోటాకు ఎప్పుడో ఎండిపోతే గింజకు పాలెవరు పోస్తారు? పచ్చాకుది! అదే!" అని అరిచి, గడ్డి నడుముకు చేరేలోగా ఆ వెన్నును కోసి అరచేతిలో నలిపింది. గట్టి గింజలు రాలాయి.

శుష్కిని గావుకేక పెట్టింది. దాని ఒళ్లంతా పొట్టు పొట్టుగా రాలి గాలికి కొట్టుకుపోయింది. బంగారి కాళ్లలో మళ్లీ నెత్తురు పారింది. బొమ్మలు ఒక్కొక్కటే మనుషులయ్యాయి. సోమప్ప తూలుతూ వచ్చి కూతురిని పట్టుకొని, "నువ్వెందుకొచ్చావే తల్లీ!" అని బావురుమన్నాడు.

బంగారి ఆ పచ్చాకు దుబ్బు వెన్ను తెచ్చి ఇవ్వగానే రాజు మాట నిలుపుకొన్నాడు. రాజ్యంలోని పొలాలన్నీ ఆమె అధికారం కిందికి వచ్చాయి, ఏ పైరునుంచి విత్తనం తీయాలో కూడా ఆమే చెప్పేది. సోమప్పకు మాత్రం చాలా రోజులు భయం వదలలేదు. గడ్డి గరగరమంటే చాలు, ఉలిక్కిపడి చేతులు తడుముకొనేవాడు. బంగారి పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకొనేది.

ఆ ఏడు కోతలయ్యాక మొదటి పన కట్టను, గరగరమంటున్నా వదలకుండా, సోమప్పే ఎత్తి బల్లకేసి కొట్టాడు. వడ్లు జలజలా రాలాయి. ఆ చప్పుడు విని అతను నవ్వాడు. కళ్లంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ రాత్రి మణిధర రాజ్యంలో పొయ్యి వెలగని ఇల్లు లేదు.