నలభై ఎనిమిది గంటల మౌనం

"నా ప్యాచ్‌ని మూడుసార్లు తిప్పికొట్టిన మహానుభావుడు మీరేనా?"

నొరీన్ టాకెట్ వానలో తడిసి వచ్చి, కాఫీ షాపు మూల బల్ల ముందు నిలబడి అడిగింది. పోర్ట్‌లాండ్‌లో గొడుగు పట్టేవాళ్ళు తక్కువ. ఆమె కోటు నుంచి కారిన నీళ్ళు కాల్విన్ ఓస్ట్రో ల్యాప్‌టాప్ పక్కనే పడ్డాయి.

"నెట్‌వర్క్ కార్డుదా? అందులో తప్పేం లేదండీ. ముందు కొత్త కెర్నల్‌లో చేరనివ్వండి. అక్కడ లేనిది నేను పాతదాంట్లో చేర్చను."

"ఈలోగా జనం ఏడవాలా?"

"ఏడుస్తున్నారని మీరు రాయలేదుగా! 'ఇబ్బంది రావచ్చు' అని రాశారు. రావచ్చు అన్నవి నేను తీసుకోను. వచ్చినవే తీసుకుంటాను."

కాల్విన్ పనే అది. కెర్నల్ అంటే కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రాం. లక్షల కంప్యూటర్లు నమ్ముకున్న పాత కెర్నల్‌లో ఏ ప్యాచ్, అంటే ఏ దిద్దుబాటు చేర్చాలో, ఏది వద్దో తేల్చాలి. వారం వారం జాబితా కట్టి అందరికీ పంపేవాడు. "అభ్యంతరముంటే నలభై ఎనిమిది గంటల్లో చెప్పండి." ఎవరూ పలకకపోతే ఒప్పుకున్నట్టే. విడుదల చేసేసేవాడు.

నొరీన్ ప్యాచ్ నాలుగోసారి పంపాక చేరింది. అప్పటికి ఇద్దరికీ చనువు పెరిగింది. ఆ సాయంత్రం నది వంతెన మీద నడుస్తూ ఆమె అంది: "నీ చెయ్యి పట్టుకుంటున్నా. అభ్యంతరముంటే చెప్పు."

కాల్విన్ చెవులు ఎర్రబడ్డాయి. నోరు మెదపలేదు.

"ఒప్పుకున్నట్టే!" అని నవ్వింది.

ఏడాది తిరిగేసరికి ఆమెకు షికాగోలో ఉద్యోగం వచ్చింది. మంచి ఉద్యోగమే. కాని వెళ్ళాలని లేదు. వద్దని అతను ఒక్క మాట అంటే చాలు, మానేద్దామనుకుంది. తానై అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. సరదాగా మెయిల్ పెట్టింది: "శుక్రవారం షికాగో రైలెక్కుతున్నాను. అభ్యంతరముంటే నలభై ఎనిమిది గంటల్లో చెప్పు."

గంటలో తలుపు తడతాడనుకుంది. తట్టలేదు. రెండు రోజులూ ఫోను చేతిలోంచి వదల్లేదు. గడువు దాటిన నిమిషానికి ఉద్యోగ ఒప్పందం మీద సంతకం చేసి పంపేసింది.

శుక్రవారం ప్లాట్‌ఫారం మీదికి కాల్విన్ పరుగెత్తుకొచ్చాడు.

"మెయిల్ చదవలేదా?" అంది నొరీన్.

"నాలుగుసార్లు చదివాను. పలకకపోతే ఒప్పుకున్నట్టేగా. నీకు ఇష్టమైన ఉద్యోగం, అడ్డుపడకూడదని నోరు మూసుకున్నా. నువ్వు సంతోషిస్తావనుకున్నా."

"సంతోషమా! రెండు రోజులూ పెట్టె కూడా సర్దలేదు కాల్విన్, నీకోసం చూస్తూ."

అతని ముఖం పాలిపోయింది. "వెళ్ళొద్దు. నువ్వు లేకపోతే నాకు ఇబ్బంది."

"రావచ్చా? వచ్చిందా?"

"వచ్చింది."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "గడువు దాటాక వచ్చిన అభ్యంతరాన్ని నువ్వేం చేస్తావు?"

అప్పుడైనా ఒక అబద్ధం ఆడవలసింది. అతనికి చేతకాలేదు.

"అప్పటికే విడుదలైపోయి ఉంటుంది. వచ్చేసారి చూద్దామని రాస్తాను."

నొరీన్ పెట్టె ఎత్తుకుని రైలు మెట్టెక్కింది. బయల్దేరడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఆ నాలుగు నిమిషాలూ తలుపు దగ్గరే నిలబడింది. నియమాలన్నీ తగలబడనీ, దిగు అంటాడేమోనని.

కాల్విన్ తల వంచుకుని తన తడిసిన బూట్లవైపు చూస్తూ ఉండిపోయాడు.

ఈసారి ఆమె కూడా ఆ మౌనాన్ని ఒప్పుకున్నట్టే అనుకుంది.