చచ్చిపోయిన పిల్ల డబ్బా

కుప్పం దగ్గరి ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ మాలిక్యులర్ బయాలజీ చదివే భార్గవిని పుంగనూరు రోడ్డులో లారీ గుద్దింది. డ్రైవరు కిందికి దిగి, ఊపిరి ఆగిందని చూసుకుని, ఆమె సంచీ ఎత్తుకుని మరీ పోయాడు. అది 1999.

కర్మలు ముగిసీ ముగియగానే భార్గవి అన్న, సీక్రెట్ ఏజెంట్ ముద్దుకృష్ణ, మదనపల్లె మార్కెట్‌లో ఒక టమాటా మండీ తలుపు తట్టాడు. పైకి మండీ. లోపల సీక్రెట్ సర్వీస్ బ్రాంచి.

"కాయ పండిందా?" లోపలినుంచి గొంతు.

"ఇంకా దోరేనప్పా."

కోడ్ సరిపోయింది. చీఫ్ మునిరత్నం తలుపు తీశాడు.

"మీ చెల్లెలు చచ్చిపోయేముందు మనకు కబురు పంపిండాది కృష్ణా. ఒక విదేశీ ముఠా వాళ్ళ కాలేజీ ల్యాబ్‌లోనే టమాటాకు తెగులు తయారుచేయించిండాది. వైరస్ ఎక్కించిన బాక్టీరియా. నిమ్మనపల్లె నర్సరీల్లో నారుకు పట్టించినారంటే మన డివిజన్‌లో కాయనేదే ఉండదు. ఆపైన రైతులంతా వాళ్ళ విత్తనమే కొనాల. ఆ తెగులుండే ట్యూబు కాలేజీలోనే యాడో ఉండాది. ఎవురు దాచినారో తెలీదు. మీ చెల్లెల్ని లారీతో గుద్దించింది గూడా వాళ్ళే."

"నేను పోతా."

"పగతో పోవద్దు. మనిషి ప్రాణాలతో కావాల."

"పగ లేకపోతే నేనే ఏల పోవాలన్నా?"

ముద్దుకృష్ణ మీసం తీసేసి, అప్పు తెచ్చిన జీన్సు వేసుకుని ఫస్టియర్‌లో చేరాడు. అటెండరు లక్ష్మయ్య చూడగానే కొత్త లెక్చరర్ అనుకుని నమస్కారం పెట్టాడు. జేబులో మత్తు సూది పేల్చే పెన్ను, నోట్లో డీఎన్ఏ పాఠం. ఏ బెంచీ మీద చెయ్యి ఆనించినా చెల్లెలు ఇక్కడే నిలబడి ఉండేదని గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయేది.

రీసెర్చ్ స్కాలర్ శాలిని అతన్ని మొదటి వారంలోనే పసిగట్టింది. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు.

"నేనూ మీ వైపే, ఢిల్లీ ఏజెంటుని," అని చెవిలో చెప్పింది. "ట్యూబు ప్రొఫెసర్ శ్రీనివాసులు గదిలో ఉంది."

గదంతా గాలించాడు. ఏమీ లేదు. అనుమానం ఆమె మీదికి మళ్ళింది గానీ రుజువు కావాలి.

ఆ ల్యాబ్‌లో ఒక అలవాటుంది. కరెంటు పోతే ఎవరూ బయటికి పరిగెత్తరు. ఐసు పట్టుకుని మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ దగ్గరికి పరిగెత్తుతారు. ఎవరి డబ్బా వాళ్ళు కాపాడుకుంటారు, పక్కవాళ్ళది ముట్టుకోరు. శాంపిల్ కరిగితే ఏళ్ళ కష్టం నీళ్ళపాలు.

మర్నాడు మధ్యాహ్నం ముద్దుకృష్ణ జనరేటర్ ఆపేసి, ఫ్యూజు పీకి, వచ్చి ఫ్రీజర్ పక్కన నిలబడ్డాడు.

"అయ్యో నా క్లోన్లు!" తోటి విద్యార్థిని కౌసల్య తన డబ్బా లాక్కుంది. సాయిప్రసాద్ తనది ఐసులో పూడ్చాడు. శాలిని మాత్రం అడుగు అరలోంచి మంచు పేరుకున్న డబ్బా తీసింది. దాని మీద భార్గవి పేరుంది.

చచ్చిపోయిన పిల్ల డబ్బాకు ఐసు పెట్టేదెవరు? అందులో తన సొత్తు దాచుకున్నవాళ్ళే!

"మా చెల్లెలి డబ్బా ఈడ పెట్టు," అన్నాడు ముద్దుకృష్ణ.

శాలిని కోటులోంచి పిస్తోలు తీసింది. రెండో చేత్తో ట్యూబు పట్టుకుని కిటికీ దగ్గరికి వెనక్కి నడిచింది. కింద కాపలా ఉన్న ముఠా తెల్లవాడు ఒకడు జీపు స్టార్ట్ చేసి చేతులు చాచి ఉన్నాడు. ఆమె చెయ్యి కిటికీ బయటికి సాగుతుండగా పెన్ను క్లిక్‌మంది. సూది మణికట్టులో దిగింది. పిస్తోలు నేలపాలైంది. ట్యూబు కిటికీ అంచు మీద దొర్లి, జారేలోపు ముద్దుకృష్ణ దాన్ని పట్టుకుని, మూత తీసి బ్లీచింగ్ నీళ్ళలో ముంచేశాడు.

పడిపోయిన పిస్తోలు తీసి ఆమెకు గురిపెట్టాడు. చంపాలనే ఉంది. చీఫ్ మాట గుర్తొచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచాడు.

"థాంక్యూ శాలినీ! నువ్వు చెప్పినట్టే వచ్చాడు! మిషన్ సక్సెస్!"

తెల్లవాడు పైకి ఒక్క చూపు చూసి జీపు ఉరికించాడు.

"అలా అనకు! వాళ్ళు నన్ను బతకనివ్వరు!" మత్తు ఎక్కుతూనే శాలిని కాళ్ళు పట్టుకుంది.

"ఈ మాత్రం బతిమాలే టైము మా చెల్లెలికి ఇయ్యలేదు గదమ్మా నువ్వు."

జీపు పుంగనూరు చెక్‌పోస్టులో దొరికింది. అప్పటికే తెల్లవాడు వైర్‌లెస్‌లో తన పెద్దలకు ద్రోహి పేరు చెప్పేశాడు. సాయంత్రం మండీలో శాలిని చేతులు జోడించి, బెయిల్ ఇచ్చినా తనను బయటికి వదలొద్దని ఏడ్చింది.

మునిరత్నం ముద్దుకృష్ణను పక్కకు పిలిచాడు.

"ప్రాణాలతోనే తెచ్చినావే. ఇంగ పగ తీరినట్టేనా అప్పా?"

"తీరలేదన్నా. మైనస్ ఎనభైలో పెట్టుండాను. చెడిపోదు."