రేకు కింద మెత్తటి చోటు

పద్మినిగారి ఇంట్లో పాతదాన్ని తీసెయ్యరు. దాని మీద కొత్తది వేస్తారు.

వంటింటి అలమరలో కాగితం మాసిపోతే దాని మీద ఇంకో కాగితం. భోజనాల బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డకి పసుపు మరక పడితే దాని మీద ఇంకో గుడ్డ. కెనడాలో ఈ హామిల్టన్ ఊరు వచ్చిన కొత్తల్లో ఆ బల్ల మోకాలెత్తే ఉండేదనీ, ఇప్పుడు అన్నం తినాలంటే నిచ్చెన వేసుకోవాల్సి వస్తోందనీ భర్త జనార్ధనరావుగారు వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంటారు. సోఫాకి నాలుగు తొడుగులు. టీవీ రిమోటుకి రెండు. ఆవిడేమీ సుకుమారి కాదు. ఆసుపత్రి ల్యాబులో ముప్ఫై ఏళ్ళపాటు ఊరందరి కఫాలూ, చీమూ, నెత్తురూ గాజు సీసాల్లో తిప్పి చూసిన మనిషి. అక్కడ కనురెప్ప కూడా ఆర్పేది కాదు. ఇంట్లో మాత్రం వేలెడు మరక కనిపిస్తే చాలు, మొహం తిప్పేసుకుంటుంది. గీకడానికి చేతులు రావు. గీకితే కింద ఏముంటుందో! కప్పేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇంటికప్పు విషయంలోనూ ఇదే పద్ధతి. మేడ మీద అందరిళ్ళకీ ఉన్నట్టే తారు షింగిల్స్, అంటే పెంకుల్లా పరిచే తారు అట్టలు. వెనకవైపు ఒక్కచోట మాత్రం ఎప్పుడూ పాడైపోయేది. ఇల్లు కొన్నప్పుడు అది పళ్ళెమంత. మూడేళ్ళకోసారి మనిషిని పిలిచి, పాతవి పీకకుండా వాటి మీదే కొత్త షింగిల్స్ కొట్టించేవారు. కొట్టించిన కొద్దీ అది పెరిగింది. ఇప్పుడు మనిషి పడుకునే చాపంత అయింది. అక్టోబరు ఉదయాల్లో వీధిలో కప్పులన్నీ ముగ్గుపిండి చల్లినట్టు మంచుతో తెల్లగా ఉంటే, వీళ్ళ కప్పు మీద ఆ చాపంత మేర నల్లగా, తడిగా, సన్నగా ఆవిర్లు కక్కుతూ ఉండేది.

"ఇంట్లో వేడి అక్కణ్ణించి బయటికి పోతోందిలే," అనేవారు జనార్ధనరావుగారు. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. "ఊరందరికీ రేకులు చేసిపెట్టి నా నెత్తిన మాత్రం తారు అట్టలు పెట్టుకున్నాను. ఈసారి స్టీలు రేకు వేయించి తీరతాను."

ఈసారి పద్మినిగారూ కాదనలేదు. మాంట్రియల్ నుంచి కూతురు వర్షిణి మూడు నెలల పాపని తీసుకుని శనివారం వస్తోంది, మొట్టమొదటిసారి. నెల్లాళ్ళుంటుంది. ఉయ్యాల పట్టే గది మేడ మీద ఒక్కటే, అదీ సరిగ్గా ఆ చోటు కింద.

"నా మనవరాలి మీద ఒక్క చుక్క కారిందంటే ఊరుకోను," అందావిడ.

సోమవారం పొద్దున్నే పాండురంగ తన మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నిజామాబాదు వైపువాడు. చదువుకుందామని వచ్చి, కాలేజీ మానేసి, ఇళ్ళకప్పులు వేసే పనిలో స్థిరపడ్డాడు. పాత షింగిల్స్ పీకనక్కర్లేదు. వాటి మీద వరసగా చెక్క బద్దలు బిగించి, ఆ బద్దల మీద రేకు పరుస్తారు. రేకుకీ షింగిల్స్‌కీ మధ్య వేలు మందాన సందు ఉంటుంది. పీకుడు లేదు, చెత్త లేదు, దుమ్ము లేదు. పద్మినిగారి కోసమే ఎవరో కనిపెట్టినట్టుంది ఆ పద్ధతి.

మధ్యాహ్నం పాండురంగ నిచ్చెన దిగొచ్చాడు. మొహం ముడుచుకుని ఉంది.

"ఆంటీ, వెనక దిక్కు మెత్తగుంది. అంతమేర చింపి, కింద చెక్క మార్చి, ఆ పైన రేకు వేద్దామా?"

"ఎన్నాళ్ళు పడుతుంది నాయనా?"

"ఇంకో నాలుగు రోజులు."

"శనివారం పసిపిల్ల వస్తోంది. చింపొద్దు. పైన వేసెయ్యి."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అది చెక్క మెత్తబడ్డట్టు లేదాంటీ. మోకాలు ఆనిస్తే... కొట్టుకుంటుంది."

"ఏం కొట్టుకుంటుంది?"

పాండురంగ జేబులోంచి ఒక స్క్రూ తీసి చూపించాడు. అక్కడ దిగేసి వెనక్కి తీసినది. దాని మరల నిండా గోధుమరంగు జిగురు... చీమిడిలా సాగుతోంది. ఆ జిగురులో మెలిపడి, జానెడు పొడుగున, ఒక నెరిసిన వెంట్రుక.

జనార్ధనరావుగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఉడత బొచ్చయ్యుంటుంది."

"జానెడు బొచ్చున్న ఉడతని నేనైతే చూడలేదంకుల్."

పద్మినిగారికి నోట్లో నీళ్ళూరాయి. తినాలనిపించి కాదు, వాంతి వచ్చేముందు ఊరే నీళ్ళు. కాగితం రుమాలు తెచ్చి ఆ స్క్రూ మీద కప్పేసింది. "పైన వేసెయ్యమన్నానా?" అంది.

గురువారానికల్లా పని పూర్తయింది. కప్పు అద్దంలా మెరిసింది. విమానాల వాళ్ళకి కళ్ళు బైర్లు కమ్ముతాయని జనార్ధనరావుగారు వీధి వీధంతా చెప్పుకొచ్చారు. కొత్త రేకు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మంచు సమానంగా పడింది. నల్లటి చోటు లేదు. ఆవిరీ లేదు.

శుక్రవారం పాప గదిలోకి వెళ్ళేసరికి గుప్పుమంది.

పులిసిపోయిన పాలు. తడిసిన కుక్క. వాటి వెనక ఇంకోటి... పద్మినిగారికి బాగా తెలిసిన వాసన. వారం రోజులు విప్పని కట్టుని విప్పినప్పుడు వచ్చే వాసన. తలెత్తి చూసింది. సీలింగు మీద పళ్ళెమంత గోధుమరంగు మరక.

కడిగించలేదు. ఎవరినీ పిలవలేదు. తెల్లరంగు డబ్బా తెచ్చి పూసేసింది. సాయంత్రానికి మరక మళ్ళీ పైకి తేలింది, చాటంత అయి. దాని మీద పువ్వుల కాగితం అంటించింది. అలమరల్లో వేసే జిగురు కాగితమే. గదిలో సాంబ్రాణి వేసింది. ఎంత వేసిందంటే కింద జనార్ధనరావుగారు నిప్పంటుకుందనుకుని చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తారు.

శనివారం వర్షిణి వచ్చింది. పాప బొద్దుగా వెన్నముద్దలా ఉంది. పద్మినిగారు ఒళ్ళో పడుకోబెట్టుకుని మాడు మీద ఆముదం అద్దింది. వేలి కింద ఆ మెత్తటి చోటు లయగా ఎగిరెగిరి పడుతోంది. కొట్టుకుంటుందన్న పాండురంగ మాట చెవిలో పడినట్టయి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వాట్ హ్యాపెండ్ అమ్మా?"

"ఏం లేదు. చెయ్యి జారింది."

ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. వర్షిణీ వాళ్ళ నాన్నా డైపర్లు కొనడానికి వెళ్ళారు. ఇంట్లో పద్మినిగారూ, ఉయ్యాల్లో పాపా. కొత్త రేకు మీద వాన దంచుతోంది. వెయ్యి మంది కంచాలు వాయిస్తున్నట్టుంది ఆ మోత. ఆ మోతలో పాప పైకి చూస్తూ ఉంగా ఉంగా అంటోంది. ఎవరో పలకరిస్తుంటే జవాబు చెబుతున్నట్టు.

పద్మినిగారూ పైకి చూసింది.

పువ్వుల కాగితం కిందికి ఉబ్బింది. ముసలివాళ్ళ పొట్టలా వేలాడుతోంది. ఒకసారి లోపలికి పోయింది... మళ్ళీ బయటికొచ్చింది.

టప్.

చిక్కటి బొట్టు ఒకటి ఉయ్యాల దుప్పటి మీద పడింది. పాప పాదాల దగ్గర. బొట్టు అంచున జిగురు తీగలా సాగి, తెగింది.

అరవాలనుకుంది. అరిస్తే వినేవాళ్ళు లేరు. పాపని ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళింది... ఆగింది. పుట్టిన దగ్గర్నించీ దేన్నీ విప్పి చూడని మనిషికి ఆ క్షణాన ఏం పట్టిందో! కింద ఏముందో తెలియకుండా ఈ గదిలో పిల్లనెలా పడుకోబెట్టడం? పాపని గది బయట వరండాలో చాప మీద పడుకోబెట్టింది. కుర్చీ లాక్కుని ఎక్కింది. కాగితం అంచు గోటితో పట్టుకుని లాగింది.

కాగితంతో పాటు రంగూ వచ్చేసింది. పాల మీద మీగడ లేచినట్టు, ముడతలు పడుతూ, తడితడిగా... చప్పుడు లేకుండా. మోచేతి మీదుగా వెచ్చటిదేదో కారి జాకెట్టు చేతిలోకి దిగింది. ముక్కు పుటాలు మూసుకున్నా ఆ వాసన నాలిక మీద చేదుగా తెలుస్తోంది.

కింద చెక్క లేదు. సున్నం లేదు.

పాలిపోయి ఉంది. సన్నటి గీతలు. చిన్న చిన్న రంధ్రాలు. అక్కడక్కడా నెరిసిన వెంట్రుకలు. ఒక మూల స్క్రూ గుచ్చిన గుంట, దాని చుట్టూ ఎర్రగా వాపు. ముప్ఫై ఏళ్ళు చూసిన కళ్ళు. పొరపాటు పడే అవకాశం లేదు.

చర్మం.

వద్దనుకుంటూనే వేలు ముందుకెళ్ళింది. తాకింది. వెచ్చగా ఉంది.

గగుర్పొడిచింది. పద్మినిగారికి కాదు... పైనున్నదానికి. ఆమె వేలి దగ్గర మొదలై, సీలింగు అంచు దాకా, వరసగా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

కుర్చీ ఎలా దిగిందో ఆవిడకే తెలీదు. పాపని చంకనేసుకుని మెట్లన్నీ ఒకే అంగలో దాటింది. వర్షిణి కారు వాకిట్లో ఆగేసరికి పద్మినిగారు పాపని గుండెకి అదుముకుని వానలో నిలబడి ఉంది.

"గదంతా బూజు పట్టింది. పసిబిడ్డకి మంచిది కాదు. వెళ్ళిపో తల్లీ. ఇప్పుడే."

"అమ్మా, ఆర్ యూ సీరియస్? ఆరు గంటల డ్రైవ్!"

"నా మాట విను. లోపలికి అడుగు పెట్టకు."

వర్షిణికి ఒళ్ళు మండింది. కానీ తల్లి ఇలా వానలో తడుస్తూ నిలబడటం ఆ పిల్ల ఎన్నడూ చూసెరగదు. పాపని సీట్లో కట్టి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న పాండురంగ రేకు విప్పాడు. ఈసారి పద్మినిగారే విప్పమంది. షింగిల్స్ పీకమంది, వాటి కిందవి పీకమంది, వాటి కిందవీ పీకమంది. జనార్ధనరావుగారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో ఆవిడ ఒక వస్తువు తీసి అవతల పారెయ్యమనడం అదే మొదలు.

పాండురంగ పైనుంచి అరిచాడు. "ఆంటీ, ఏం లేదు! చెక్కంతా గట్టిగుంది. పొడిగుంది. మొన్న నేను తొక్కిన చోటిదేనా అనిపిస్తుంది."

"సరిగ్గా చూడు నాయనా. ఎటైనా జరిగిందేమో."

"ఏం జరుగుతదాంటీ?"

గదిలో సీలింగు మామూలుగానే ఉంది. ఊడిన రంగు, కింద పొడి సున్నం. వాసన లేదు. జనార్ధనరావుగారు భార్య భుజం తట్టి కాఫీ కలపడానికి వెళ్ళారు. వారం తర్వాత ఆవిడ మొదటిసారి గుండె నిండా గాలి పీల్చుకుంది.

అప్పుడే వర్షిణి ఫోన్ చేసింది.

"అమ్మా, ఐ యామ్ నాట్ యాంగ్రీ. పాప ఈజ్ ఫైన్. దిష్టి చుక్క మాత్రం దేంతో పెట్టావు నువ్వు? బాత్ చేయించినా పోవట్లేదు."

పద్మినిగారు దిష్టి చుక్క పెట్టలేదు.

"ఎక్కడుంది?"

"అరికాల్లో. బ్రౌన్‌గా."

"తడిగుడ్డతో... గట్టిగా తుడువమ్మా."

ఫోన్లో నీళ్ళ చప్పుడు. పాప కిలకిలా నవ్వుతోంది.

"తుడుస్తున్నా. ఇట్స్ సో వియర్డ్, అమ్మా. నొక్కితే వేలు లోపలికి దిగుతోంది. ఏడవట్లేదు కూడా." నీళ్ళ చప్పుడు ఆగింది. "వెయిట్... వెయిట్. అమ్మా, ఇందాక అరికాల్లోనే ఉంది. ప్రామిస్. ఇప్పుడు మోకాలి దగ్గరుంది."