ఊరందరికీ చెప్పిన మాట

ఆ ఉదయం అత్తగారు కాఫీ కప్పు చేత్తో అందుకోలేదు. బల్ల మీద పెట్టమన్నట్టు కళ్లతోనే చూపించి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంట్లో అందరూ చిట్టి అని పిలిచే కోడలు కప్పు బల్ల మీద పెట్టింది. నిన్న సాయంత్రం లిఫ్టులో జరిగింది పాపకి బట్టలు తొడుగుతూ భర్త చెప్పేదాకా ఆమెకి తెలియదు.

చిట్టి కళ్లద్దాల షాపులో కంటి పరీక్షలు చేస్తుంది. పొద్దస్తమానం చీకటి గదిలో "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడిగి అడిగి నాలుక పిడచకట్టుకుపోతుంది. మధ్యాహ్నం మాత్రం ఫ్రేముల పెట్టెల మధ్య కూర్చుని, ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో ఫోనులో తన బ్లాగు రాసుకుంటుంది. పేర్లుండవు. ఇల్లు, ఇంట్లో మాటలు, నవ్వులు, అంతే.

పోయిన వారం అలాగే ఒక ముచ్చట రాసింది. కింది ఫ్లాట్ ఆవిడ ఇంటికొచ్చినప్పుడు "కప్పులెక్కడ పెట్టారత్తయ్యా?" అని తను అడిగితే, అత్తగారు చెప్పులనుకుని "గుమ్మం బయటే వదిలానమ్మా" అందని. అది చేతులు మారి మారి కింది ఫ్లాట్‌కే చేరింది. ఆవిడ లిఫ్టులో అత్తగారి ముందు ఫోను పెట్టి, "ఇది మీరే కదండీ!" అని పకపకా నవ్వింది.

"తీసెయ్" అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి. "ఆ ఒక్కటే కాదు, బ్లాగు మొత్తం. అమ్మ పరువు బజార్న పెట్టావు."

"ప్రేమగానే రాశానండీ. చివరిదాకా చదివితే తెలుస్తుంది."

"కిందావిడ ప్రేమగానే నవ్విందా?"

"ఆవిడ నవ్వుకి నేనేం చేయను? షాపూ ఇల్లూ తప్ప నాదంటూ ఉన్నది అదొక్కటే. దాన్నీ ఊడబెరుకుతానంటే ఊరుకోను."

"ఊరుకోక ఏం చేస్తావ్?"

మాట మీద మాట పెరిగింది. పాప బిక్కమొహం వేసుకుని గోడకి అతుక్కుపోయింది. అప్పుడు అత్తగారు కుర్చీ ఇటు తిప్పింది.

"నా గురించేగా? నాకు వినపడేలా అనుకోండి."

ఆ ఇంట్లో వినపడకపోవడం సంగతి పైకి అనడం అదే మొదటిసారి.

"నాకు చెవుడొచ్చిందని నీకెప్పట్నుంచి తెలుసే?"

చిట్టి తలొంచుకుంది. "చలికాలం నుంచి, అత్తయ్యా."

"ఏంటీ?"

"చలికాలం నుంచి!"

"నేనొక్కదాన్నే దాచుకుంటున్నాననుకున్నాను. నువ్వూ దాచావన్నమాట."

"మీరు బాధపడతారని..."

"నేను బాధపడతానని నాకు తప్ప ఊరందరికీ చెప్పావు." అత్తగారు చెవి మీద చెయ్యి పెట్టుకుంది. "టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఎన్ని గొంతులు విన్న చెవులివి! గొంతు వినగానే ఏ ఇంటి నుంచో చెప్పేదాన్ని. ఇప్పుడు ఈ చంటిది ఏమంటోందో తెలియక, నవ్వి తలూపుతున్నాను. ఎంత భయంగా ఉంటుందో తెలుసా? షాపుకొచ్చే పరాయివాళ్లకి చూపు తగ్గిందని మొహమ్మీదే చెబుతావు కదే. నాకెందుకు చెప్పలేకపోయావు?"

ఆ ముచ్చట రాసినరోజు మనసు ఎంత తేలికపడిందో చిట్టికి గుర్తొచ్చింది. అత్తయ్య పక్కన కూర్చుని అనాల్సిన మాట ముక్కూ మొహం తెలియనివాళ్లతో అనేసి, అనేశానులే అనుకుంది. కళ్లు చెమ్మగిల్లి ఫోను మసకగా కనిపిస్తుంటే, నిలబడ్డ చోటే ఆ ముచ్చట తీసేసింది.

"మరి బ్లాగు?" అన్నాడు భర్త.

"నువ్వుండరా" అంది అత్తగారు. ఆ మాట మాత్రం ఎలా వినపడిందో! "దాని రాత జోలికి పోకు. చదువుతుంటే నాకూ నవ్వొచ్చింది. ఆ ముసలమ్మ నేనేనని తెలిశాకే ఏడుపొచ్చింది." కోడలి వైపు తిరిగింది. "రాసుకో. నా గురించయితే ముందు నాకు చెప్పు."

"చెబుతానత్తయ్యా" అని చిట్టి ఆవిడ మోకాళ్ల దగ్గర కూలబడింది. అత్తగారు ఆమె తల మీద చెయ్యి వేయలేదు. లెమ్మనీ అనలేదు. చల్లారిన కాఫీ అందుకుని ఒక గుక్క తాగింది.

చిట్టి ఆ రోజు షాపుకి సెలవు పెట్టి, ఆవిడని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. హాలు నిండా జనం. నర్సు తలుపు తెరిచి పిలిచింది. అత్తగారు నేల చూపులు చూస్తూ అలాగే కూర్చుంది. ఇదివరకయితే చిట్టి ఏమీ ఎరగనట్టు లేచి, పదండి అని నడిచేది. ఈసారి వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, నలుగురూ వినేలా అంది.

"మిమ్మల్నే పిలుస్తున్నారత్తయ్యా. మీకు వినపడలేదు."

అత్తగారు తలెత్తి కోడలి మొహంలోకి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి చాచి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నువ్వూ లోపలికి రా. డాక్టరేమన్నాడో నాకు మళ్లీ చెబుదువుగాని. ఉన్నదున్నట్టు చెప్పు."